బొమ్మ చూసి కట్టిన ఊరు

వార్సా పాతబస్తీ చౌకులో నిలబడి చుట్టూ చూస్తే ఆ ఇళ్లు మూడు నాలుగు వందల ఏళ్ల నాటివనే అనుకుంటాం. ఒకదాన్నొకటి ఆనుకున్న సన్నపాటి మేడలు, ఎర్ర పెంకుల వాలు కప్పులు, గుమ్మాల మీద రాతి చెక్కుడు, గోడల మీద గారలో గీసిన బొమ్మలు. పోలండు వెళ్లినవాళ్లు ఫొటో దిగకుండా వదలని చోటు అది. ఆ చౌకును కట్టడం పూర్తిచేసి ప్రజలకు తెరిచింది 1953 జులై 22న. అంటే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి రెండు నెలల పైచిలుకు ముందు. మన జిల్లాల్లోని పాత తాలూకా కచేరీలు చాలావరకు ఆ ‘మధ్యయుగపు’ ఇళ్లకంటే వయసులో పెద్దవి.

యుద్ధంలో కూలిన నగరాన్ని మళ్లీ ఎలా నిలబెట్టాలన్న చర్చ ఎక్కడ వచ్చినా, అది ఇరాక్‌లోని మోసుల్ గురించైనా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ గురించైనా, వార్సా పేరు వినిపించి తీరుతుంది. ఉన్నది ఉన్నట్టుగా తిరిగి కట్టుకున్న నగరమని దానికి పేరు. పేచీ అంతా ఆ ‘ఉన్నది ఉన్నట్టు’ దగ్గరే ఉంది. ఎప్పుడు ఉన్నది? ఎవరికి ఉన్నట్టు? వార్సాను కట్టినవాళ్లు ఈ ప్రశ్నలకు జవాబులు ఎంచుకున్నారు. అవి తెలిసి తెలిసి ఎంచుకున్నవే. ఆ ఎంపికల్లో కొన్ని మహాద్భుతంగా ఉన్నాయి. కొన్నింటి ఖరీదు వేరేవాళ్లు కట్టారు.

పోరు ముగిశాక మొదలైన కూల్చివేత

1939 సెప్టెంబరులో జర్మన్ బాంబులకు వార్సా మొదటిసారి కాలింది. సెప్టెంబరు 17న రాజకోట అంటుకుంది. గడియారపు ముళ్లు పదకొండుంబావు దగ్గర ఆగిపోయాయి. 1943 ఏప్రిల్ 19న ఘెట్టోలో బంధించి ఉంచిన యూదులు తిరగబడ్డారు. దాన్ని అణచివేశాక, మే 16న, విజయానికి గుర్తుగా నగరంలోని పెద్ద సినగాగ్‌ను నాజీలు పేల్చేశారు. ఘెట్టో మొత్తాన్ని నేలమట్టం చేశారు. 1944 ఆగస్టు 1న ఇక నగరమే తిరగబడింది. 63 రోజులు వీధి వీధినా పోరాడింది. లక్షన్నరకు పైగా పౌరులు చనిపోయారని అంచనా. అక్టోబరు 2న తిరుగుబాటుదారులు లొంగిపోయారు. మిగిలిన జనాన్ని ఊళ్లోంచి తరిమేశారు.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ వార్సాలో అసలు కూల్చివేత మనుషులంతా వెళ్లిపోయాక మొదలైంది. హిట్లర్ ఆజ్ఞ ప్రకారం ప్రత్యేక దళాలు ఖాళీ నగరంలో ఇంటింటికీ తిరిగాయి. ముందు దోపిడీ, తర్వాత నిప్పు, ఆ తర్వాత డైనమైట్. గ్రంథాలయాలు, ప్యాలెస్‌లు, చర్చిలు ఏరి మరీ పేల్చారు. అందులో సైనిక ప్రయోజనం ఏమీ లేదు. నదికి అవతలి ఒడ్డున సోవియట్ సైన్యం అప్పటికే ఉంది. 1945 జనవరి 17న ఆ సైన్యం గడ్డకట్టిన విస్తులా నది దాటి వచ్చేసరికి ఎడమ ఒడ్డున ఉన్న నగరంలో నూటికి 85 వంతులు శిథిలం. యుద్ధానికి ముందు 13 లక్షల మంది బతికిన ఊరది.

ఇంతగా పోయిన నగరాన్ని వదిలేయడం చరిత్రలో కొత్తేమీ కాదు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. హంపీ అలాగే మిగిలిపోయింది. వార్సా విషయంలోనూ అలాంటి ఆలోచన వచ్చింది: రాజధానిని పెద్దగా దెబ్బతినని వూచ్ నగరానికి మార్చి, శిథిలాలను యుద్ధ స్మారకంగా అలాగే ఉంచేద్దామని. జనం ఆ చర్చ తేలేదాకా ఆగలేదు. మందుపాతరలు పూర్తిగా తీయకముందే, చలికాలంలో, మూటాముల్లెతో తిరిగొచ్చి నేలమాళిగల్లోనూ సగం కూలిన గదుల్లోనూ పొయ్యిలు వెలిగించారు. ప్రభుత్వం ఫిబ్రవరిలో ‘రాజధాని పునర్నిర్మాణ కార్యాలయం’ తెరిచింది. మళ్లీ కట్టాలన్న నిర్ణయం కాగితం మీద ప్రభుత్వానిదే కావచ్చు. దాన్ని తప్పనిసరి చేసింది మాత్రం ఆ పొయ్యిలే.

శవపేటికల మధ్య దాచిన కొలతలు

కూలిన ఇంటిని అలాగే కట్టాలంటే ముందు కొలతలు కావాలి. గుమ్మం ఎత్తెంత, కిటికీకీ కిటికీకీ మధ్య దూరమెంత, మెట్టు వెడల్పెంత? ఫొటోలు ఉన్నా ఇవి తెలియవు. వార్సాకు ఇవి దొరికాయి. దాని వెనక పాతికేళ్ల ఓపిక ఉంది.

వార్సా పాలిటెక్నిక్‌లో పోలిష్ వాస్తుకళ విభాగాన్ని నడిపిన ఆచార్యుడు ఒస్కర్ సొస్నొవ్‌స్కి. యుద్ధానికి ముందు ఏళ్ల తరబడి ఆయన విద్యార్థులు దేశంలోని పాత కట్టడాలను కొలిచి, గీసి, భద్రపరిచారు. వాళ్లకది చదువులో భాగం, మార్కుల కోసం చేసే పని. ఒక రోజు ఆ కాగితాల నుంచే రాజధానిని లేపాల్సి వస్తుందని వాళ్లెవరూ అనుకుని ఉండరు. 1939 బాంబు దాడుల్లో ఆ కాగితాలను కాపాడబోయి సొస్నొవ్‌స్కి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆయన శిష్యుడు యాన్ జఖ్వతోవిచ్, మరికొందరు ఆక్రమణ కాలంలోనూ రహస్యంగా ఆ పని కొనసాగించారు. తిరుగుబాటు విఫలమై నగరం తగలబడుతున్న రోజుల్లో ఆ నక్షాలను బయటికి తరలించి, పియోత్ర్‌కూఫ్ పట్టణంలోని మఠానికి చేర్చి, అక్కడి సమాధుల్లో శవపేటికల మధ్య దాచారు. మరోవైపు జాతీయ మ్యూజియం డైరెక్టర్ స్తనిస్వఫ్ లొరెంత్స్ మనుషులను కూడగట్టి, కాలిపోతున్న కోటలోంచీ తర్వాత ఖాళీ నగరంలోంచీ చిత్రాలు, రాతి చెక్కడాలు, పుస్తకాలు దొరికినన్ని బయటికి తెచ్చారు.

పునర్నిర్మాణ కార్యాలయంలో చారిత్రక కట్టడాల విభాగం జఖ్వతోవిచ్ చేతికే వచ్చింది. ఆయన వాదన సూటిగా ఉండేది. శత్రువు కూల్చింది ఇళ్లను కాదు, ఒక జాతి జ్ఞాపకాన్ని. కాబట్టి తిరిగి కట్టడం నకలు కొట్టడం అవుతుందన్న పండితుల అభ్యంతరం ఇక్కడ చెల్లదు. రాబోయే తరాలకు రాళ్లు అసలువి కాకపోయినా రూపమైనా అసలుది అందాలి. నిపుణులు ఇప్పటికీ దీన్ని ఒప్పుకోవడానికి తటపటాయిస్తారు. 1945లో ఆ శిథిలాల మధ్య నిలబడి కాదనడం మాత్రం ఎవరికైనా కష్టమే.

చిత్రకారుడి చేతివాటం

కొలతలు లేనిచోట ఇంకో సాక్షి ఆదుకున్నాడు. ఆయన చనిపోయి అప్పటికి 165 ఏళ్లు. పేరు బెర్నార్దో బెల్లోత్తో. వెనిస్ దృశ్యాలు గీసి ప్రసిద్ధుడైన కనలెత్తోకు మేనల్లుడు. మేనమామ పేరునే తనూ వాడుకున్నాడు కనుక పోలండులో ఆయన్నే కనలెత్తో అంటారు. 1767లో వార్సా చేరి, రాజు స్తనిస్వఫ్ ఆగస్ట్ ఆస్థాన చిత్రకారుడై, 1780లో పోయేదాకా నగర వీధులను పెద్ద పెద్ద కాన్వాసుల మీద గీశాడు. చీకటి పెట్టెకు చిన్న కన్నం పెట్టి, అందులోంచి పడే దృశ్యాన్ని కాగితం మీద గీసుకునే పద్ధతి ఆయనది. అందుకే కిటికీ చట్రం, గోడ మీద పగులు, మురికి కాలువ కూడా లెక్క తప్పకుండా కనిపిస్తాయి. నాజీలు ఎత్తుకుపోయిన ఆ చిత్రాలు యుద్ధం తర్వాత తిరిగొచ్చాయి. కోట నుంచి దక్షిణంగా సాగే రాజమార్గంలో చర్చిలు, ప్యాలెస్‌లు, మేడలు ఎన్నింటికో ముఖాలు ఆ కాన్వాసుల నుంచే వచ్చాయి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పాతబస్తీ మొత్తం ఆ చిత్రాలు చూసే కట్టారని గైడ్లు చెబుతుంటారు. నిజానికి చౌకుకు ప్రధానమైన ఆధారం విద్యార్థుల కొలతలే. రెండోది ఇంకా రుచికరమైనది. బెల్లోత్తో ఫొటోగ్రాఫర్ కాదు, రాజుగారి జీతం తినే చిత్రకారుడు. అందం కోసం కొన్నిచోట్ల కొలతలు సర్దాడు, అలంకారాలు చేర్చాడు. ఆయన కల్పనలు కొన్ని రాతిలోకీ గారలోకీ దిగి ఇప్పుడు నిజమైపోయాయి. ఇప్పుడా రాజమార్గం మీద ఆయన చిత్రాల నకళ్లు అక్కడక్కడా నిలబెట్టి పెట్టారు, వచ్చినవాళ్లు పోల్చి చూసుకుంటారని. పోలుతుంది మరి, పోలకేం చేస్తుంది! దాన్ని చూసేగా కట్టింది.

ఏ తేదీ కావాలి?

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. బెల్లోత్తో గీసింది 1770ల నాటి నగరం. బాంబులు కూల్చింది 1939 నాటి నగరాన్ని. ఈ మధ్యలో 170 ఏళ్లలో వార్సా చాలా మారింది. పాత మేడల మీద అంతస్తులు లేచాయి, పెరళ్లన్నీ అద్దె గదులతో నిండాయి. యుద్ధానికి ముందు పాతబస్తీ అంటే పేదల ఇరుకు వాడ. తిరిగి కట్టినప్పుడు ఆ అదనపు అంతస్తులు రాలేదు, పెరటి గదులు రాలేదు. వాటి స్థానంలో వెలుతురూ చెట్లూ ఉన్న లోగిళ్లు వచ్చాయి. ముందు గోడ పద్దెనిమిదో శతాబ్దం, వెనక గదులు ఇరవయ్యో శతాబ్దపు ఫ్లాట్లు. గోడల మీద కనిపించే బొమ్మల్లో చాలావరకు 1953 కోసం ఆనాటి కళాకారులు వేసినవి. చూడటానికి చారిత్రక పేట, నిజానికి సోషలిస్టు ప్రభుత్వం కట్టిన కార్మికుల కాలనీ.

సెయింట్ జాన్ కథీడ్రల్ కథ ఇంకా స్పష్టం. యుద్ధానికి ముందు దాని ముఖభాగం 1830లలో ఆదమ్ ఇజ్కొవ్‌స్కి అనే వాస్తుశిల్పి ఇంగ్లీషు గోథిక్ పద్ధతిలో తీర్చిదిద్దినది. జఖ్వతోవిచ్ దాన్ని తిరిగి కట్టలేదు. పద్నాలుగో శతాబ్దంలో ఆ చర్చి ఎలా ఉండేదో ఊహించి, నిరాడంబరమైన ఇటుక గోథిక్ ముఖం పెట్టారు. పాతబస్తీ చివర ఉన్న కోట బురుజు సంగతీ అంతే. అందులో చాలా భాగం యుద్ధం రాకముందే ఎప్పుడో పోయింది. నాజీలు కూల్చనిదాన్ని కూడా 1950లలో కట్టేశారన్నమాట.

పందొమ్మిదో శతాబ్దం ఎందుకు నచ్చలేదు? కమ్యూనిస్టులకు అది పెట్టుబడిదారుల, అద్దె ఇళ్ల యజమానుల శతాబ్దం. పోలిష్ దేశభక్తులకు అది రష్యా జారు కింద నలిగిన శతాబ్దం. ఇంకే విషయంలోనూ కుదరని ఈ ఇద్దరికీ ఈ ఒక్క విషయంలో రాజీ కుదిరింది. ఆ కాలపు మేడలు యుద్ధం నుంచి బతికి బట్టకట్టినా వాటి నగిషీలు చెక్కేశారు, ఎన్నింటినో కూల్చారు. స్టాలిన్ కానుకగా 1955లో లేచిన 237 మీటర్ల సంస్కృతీ విజ్ఞాన భవనం కింద అలాంటి వీధులు కొన్ని మాయమయ్యాయి.

ఇదంతా సాధ్యం కావడానికి ఒకే ఒక్క ఉత్తర్వు చాలింది. 1945 అక్టోబరు 26న నగర భూమి మొత్తం ప్రభుత్వపరమైంది. ఎవరి స్థలం, ఎవరి వాటా, ఎవరి కోర్టు కేసు అన్న గొడవే లేకుండా ప్లాను గీయొచ్చు. పాతబస్తీ కిందనుంచి సొరంగం తవ్వి నాలుగేళ్లలో తూర్పు పడమరల రహదారి వేశారు. ఒక ఫ్లైఓవర్ కోసం దశాబ్దం ఎదురుచూసే మనబోటివాళ్లకు అసూయ కలుగుతుంది. కానీ ఆ భూముల యజమానులూ వారసులూ ఎక్కడికీ పోలేదు. 1989లో పాలన మారాక హక్కు పత్రాలు బయటికొచ్చాయి. వాటిని కారుచౌకగా కొని, ఇళ్లను దక్కించుకుని, దశాబ్దాలుగా ఉంటున్న అద్దెదారులను వెళ్లగొట్టే వ్యాపారం ఒకటి తయారైంది. చివరికి 2017లో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది.

ఇటుక ఎక్కడిది?

‘జాతి యావత్తూ తన రాజధానిని కడుతోంది’ అన్నది ఆనాటి నినాదం. జీతాల్లోంచి చందాలు పట్టుకునేవారు. స్వచ్ఛందంగా వచ్చి శిథిలాలు మోసినవాళ్లూ వేలల్లో ఉన్నారు. ఆ నినాదానికి ఇంకో అర్థం వ్రోత్స్వఫ్ వాళ్లకు బాగా తెలుసు. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి పోలండుకు వచ్చిన నగరమది, పాత పేరు బ్రెస్లావ్. అక్కడా, పశ్చిమాన కొత్తగా కలిసిన ఇతర పట్టణాల్లోనూ దెబ్బతిన్న ఇళ్లతోపాటు బాగుచేసుకోదగ్గ ఇళ్లనూ కూల్చి, ఇటుకలు ఏరి, రైళ్లలో వార్సాకు పంపారు. కోట బురుజు కట్టిన పాత ఇటుకలు వ్రోత్స్వఫ్, నిసా పట్టణాలవి. పోలిష్ రాజధాని ‘ప్రాచీన’ గోడలో ఉన్నది జర్మన్ పట్టణాల ఇటుక. ఒక ఊరి గతం నిలబడటానికి ఇంకో ఊరి గతం కరిగింది.

మిగిలిన ఇటుక వార్సా కిందే ఉంది. ముఖ్యంగా మురానూఫ్‌లో.

యుద్ధానికి ముందు వార్సా జనాభాలో ఇంచుమించు మూడో వంతు యూదులు. వాళ్ల పేటల నడిబొడ్డు మురానూఫ్, ఆ తర్వాత ఘెట్టోలో భాగం. 1945 నాటికి అక్కడ మిగిలింది మీటర్ల ఎత్తున పేరుకున్న శిథిలాల మైదానం. దాన్నంతా ఎత్తిపోయడానికి లారీలు లేవు, సొమ్ము లేదు. ఆ పేట బాధ్యత తీసుకున్న వాస్తుశిల్పి బొహ్దన్ లాహెర్ట్ శిథిలాలను కదల్చకుండా గట్లుగా సర్ది, వాటి మీదే ఇళ్లు కట్టారు. పిండి చేసిన ఇటుకను సిమెంటులో కలిపి పోసిన దిమ్మెలతోనే గోడలు లేపారు. వాటికి పైపూత వద్దని ఆయన పట్టు. ఎర్రటి ఆ గరుకు గోడలే పోయినవాళ్లకు గుర్తుగా ఉండాలని. కాపురానికి వచ్చినవాళ్లకు అది మరీ దిగులుగా అనిపించింది. ప్రభుత్వానికీ నచ్చలేదు. కొన్నాళ్లకే పూత పూసి, రంగులేసి, అలంకారాలు తగిలించారు. ఇప్పటికీ అక్కడ వీధిలోంచి ఇంటి వాకిలికి వెళ్లాలంటే కొన్నిచోట్ల మెట్లెక్కాలి. ఎక్కుతున్నది పాత మురానూఫ్ మీదికే. పునాదులు తవ్వినచోట గిన్నెలూ, పుస్తకాల ముక్కలూ బయటపడుతుంటాయి.

అక్కడ స్మారకాలు లేకపోలేదు. నాథన్ రపోపోర్ట్ చెక్కిన ఘెట్టో వీరుల స్మారకం 1948లోనే, చుట్టూ ఇంకా శిథిలాలు ఉండగానే లేచింది. నాజీలు తమ విజయ చిహ్నాల కోసం స్వీడన్ నుంచి తెప్పించుకోదలచిన రాయి దానికి వాడారు. దాని ఎదురుగా 2013లో పోలిష్ యూదుల చరిత్ర మ్యూజియం ‘పోలిన్’ తెరుచుకుంది, ఫిన్లాండ్ వాస్తుశిల్పి రైనర్ మహ్లమాకి రూపకల్పనలో. కానీ పద్దెనిమిదో శతాబ్దపు చర్చిలకు దొరికిన పునర్జన్మ పెద్ద సినగాగ్‌కు దొరకలేదు. అది ఉన్నచోట ఇప్పుడు నీలిరంగు అద్దాల ఆఫీసు మేడ ఉంది. పాతబస్తీ ఇంటి కిటికీ వెడల్పు కోసం అంత తపించిన నగరం, మురానూఫ్ వీధుల గీతలను కూడా చాలావరకు చెరిపేసింది. తిరిగి రావడానికి అక్కడి మనుషులు లేరు. పొయ్యి వెలిగించి పట్టుబట్టేవాళ్లు లేనిచోట పాత ఊరు కావాలని అడిగేదెవరు?

వార్సా నుంచి చండీగఢ్‌కు

వార్సా పునర్నిర్మాణ కార్యాలయంలో నగర కేంద్రానికి ప్లాను గీసినవాళ్లలో మాచెయ్ నొవిత్స్కి అనే యువకుడు ఒకడు. తర్వాత అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయాడు. లాహోర్ పాకిస్తాన్‌కు పోవడంతో తూర్పు పంజాబ్‌కు కొత్త రాజధాని అవసరమైంది. ఆ ప్లాను పని అందుకున్న అమెరికన్ ఆల్బర్ట్ మేయర్, నొవిత్స్కిని తోడు తీసుకున్నాడు. 1950 ఆగస్టు 31న మన దేశం నుంచి తిరిగి వెళ్తుండగా ఈజిప్టులో విమానం కూలి నొవిత్స్కి చనిపోయాడు. నలభై ఏళ్లు. ఆ ఖాళీలోకే వాస్తుశిల్పి లె కార్బుజియే వచ్చాడు. చండీగఢ్ మనకు తెలిసిన చండీగఢ్ అయింది. నొవిత్స్కి బతికి ఉంటే అది ఎలా ఉండేదో ఆయన వదిలిన గీతల్లో కొంత కనిపిస్తుంది: భారతీయ వీధి ఇరుకు, నీడ, బజారు సందడి మీద ఆయనకు కార్బుజియే కంటే ఎక్కువ మమకారం.

అందరూ వార్సా దారి పట్టలేదు. 1940 మే 14న కొద్ది నిమిషాల బాంబుదాడిలో గుండెకాయ పోగొట్టుకున్న రోటర్‌డామ్ పాతదాన్ని తిరిగి కోరుకోలేదు. వెడల్పు రోడ్లు, 1953లో కార్లు రాని అంగడి వీధి లైన్‌బాన్, ఇంకా ఆ తర్వాత ఏది కొత్తదైతే అది. బోస్నియాలోని మోస్తార్‌లో 1993లో ఫిరంగులు కూల్చిన పదహారో శతాబ్దపు వంతెనను పాత పద్ధతిలో, అక్కడి రాయితోనే మళ్లీ కట్టి 2004లో తెరిచారు. వంతెన కలిసింది, రెండు ఒడ్డుల పిల్లల బడులు మాత్రం వేరువేరుగానే నడిచాయి. మోసుల్‌లో అల్ నూరీ మసీదు ప్రాంగణం కోసం పెట్టిన పోటీలో 2021లో ఈజిప్టు బృందం గెలిస్తే, ఇది మా ఊరి పోలిక కాదని ఇరాకీ వాస్తుశిల్పులు గొడవ చేశారు. అమరావతి ప్రభుత్వ భవనాల నమూనాలతో మనకు పరిచయమైన నార్మన్ ఫోస్టర్, యుద్ధం సాగుతుండగానే 2022లో ఖార్కివ్ ప్లాను మొదలుపెట్టారు. ప్లానులకు కరవు ఎప్పుడూ ఉండదు. కొలతల కాగితాలు దాచినవాళ్లున్నారా, తిరిగొచ్చి పొయ్యి వెలిగించేవాళ్లు ఎవరు అన్నవే తేలాలి.

నిపుణుల లోకం వార్సాను జీర్ణించుకోవడానికి చాలాకాలం పట్టింది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక, పాతదాన్ని ఊహతో తిరిగి కట్టడాన్ని దాదాపుగా నిషేధించింది. దాన్ని రాసిన సంఘంలో ఉన్న పేర్లలో యాన్ జఖ్వతోవిచ్ ఒకటి! తన పని సూత్రం కాదు, మినహాయింపు అని ఆయనకు తెలుసన్నమాట. 1980లో యునెస్కో పాతబస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పదమూడో శతాబ్దపు ఊరిగా కాదు, దాదాపు పూర్తిగా తిరిగి కట్టిన ఊరిగా. 2011లో పునర్నిర్మాణ కార్యాలయపు దస్త్రాలకు కూడా యునెస్కో గుర్తింపు వచ్చింది. రాజకోట అయితే 1971 దాకా ఖాళీ స్థలమే. ప్రజల విరాళాలతో కట్టాక 1974 జులైలో గోపురం గడియారాన్ని ఆగిపోయిన ఆ పదకొండుంబావుకే మళ్లీ నడిపించారు.

ఎంపిక ఇంకా ముగియలేదు. నగరం మధ్య సాక్సన్ ప్యాలెస్ ఉండేది. 1932లో పోలిష్ గణితవేత్తలు ఎనిగ్మా రహస్య లిపిని ఛేదించిన గూఢలిపి కార్యాలయం అందులోనిదే. 1944 డిసెంబరులో దాన్ని పేల్చేస్తే, 1925 నుంచి అజ్ఞాత సైనికుడి సమాధి ఉన్న కొద్దిపాటి కమాను భాగం మాత్రం మిగిలింది. ఎనభై ఏళ్లుగా ఆ విరిగిన ముక్కే నగరానికి పెద్ద స్మారకం. ఇప్పుడు మొత్తం ప్యాలెస్‌ను తిరిగి కట్టాలని 2021లో చట్టం చేశారు. ఆ ముక్కను అలాగే ఉంచడమే మేలని వాదించేవాళ్లున్నారు, నాకూ వాళ్ల మాటే నచ్చుతుంది. లోపల సెనేట్, ప్రభుత్వ కార్యాలయాలు వస్తాయని చట్టం చేసినప్పుడు అనుకున్నారు. బయటి రూపానికి చట్టమే తేదీ పెట్టింది: 1939 ఆగస్టు 31. యుద్ధానికి ముందు రోజు. ఆ రోజున ఆ ప్యాలెస్‌కు ఉన్న స్తంభాల వరస 1840 ప్రాంతంలో, రష్యా ఏలుబడిలో కట్టినది. గీసినవాడు ఆదమ్ ఇజ్కొవ్‌స్కి. కథీడ్రల్ దగ్గర జఖ్వతోవిచ్ వద్దనుకున్నది ఆయన్నే.